ఆరు చెప్పుల చుట్టూ

పొద్దున ఆఫీసులో టీ తాగుతుంటే ఫోన్‌కి కెనడా నుంచి ఒక సందేశం వచ్చింది. "మా పొట్టివాడు నిన్న ఆడాడు. గెలిచాడు." అంతే. దాని కింద ఒక ఫొటో. తలకు పెద్ద హెల్మెట్, చేతిలో రెండు పక్కలా మొనతేలిన బంతి, చెమటతో తడిసిపోయిన ఒక కుర్రాడు. పంపినాయన ఒకప్పుడు మా కంపెనీలో ప్రాజెక్ట్ మేనేజర్, కెనడా సార్ అనేవాళ్లం. రిటైరై వాళ్ల దేశం వెళ్లిపోయాడు. నేను అభినందనలు కొట్టి పంపి, టీ చల్లారిపోయేదాకా కిటికీలోంచి ఈ బహ్రెయిన్ సీఫ్ రోడ్డు మీది కార్లను చూస్తూ కూర్చున్నాను.

ఆ ఆటలో నాకు ఓనమాలు రావు. ఆ కుర్రాడు గెలిచినా ఓడినా నాకు ఒరిగేదీ లేదు. అతని గెలుపు కోసం ఏళ్ల తరబడి ఎదురు చూసిన మనిషి వేరే ఉన్నాడు. జగిత్యాల దగ్గర ఊళ్లో ఉన్నాడు. ఈ కబురు వస్తే చెప్పమని నా దగ్గర మాట తీసుకుని వెళ్లాడు. అతనికి ఫోన్ చేసే మొహం నాకు లేదు.

కంపెనీ పనివాళ్లుండే క్యాంపులో అతన్ని అందరం లిఫ్టరన్న అనేవాళ్లం. మా వైపు ఊళ్లలో వాలీబాల్ ఆడేవాళ్లకు చెప్పనక్కర్లేదు. బంతిని వలకు దగ్గరగా పైకి లేపి ఇచ్చేవాడు లిఫ్టర్, దాన్ని ఎగిరి అవతలి వైపుకి కొట్టేవాడు షూటర్. చప్పట్లన్నీ షూటర్‌కే. నేను షూటర్‌ని. కంపెనీలో టైమ్‌కీపర్‌ని కూడా. అతని పేరు రోజూ పొద్దున హాజరు కాగితంలో రాసినవాణ్ని నేనే. ఇవాళ మాత్రం ఇక్కడ ఆ పేరు రాయడానికి చెయ్యి రావడం లేదు.

మనిషి పొట్టి. నా భుజం దాకా వస్తాడేమో. పని ఇనుప చువ్వలది. పొద్దంతా చువ్వలు పేర్చి, సన్నటి తీగతో ముడులు వేయడం. వేళ్ల కొసలు పగిలి ఉండేవి. పనిలో వాటికి తెల్ల ప్లాస్టర్ చుట్టుకునేవాడు, ఆటకి దిగేముందు ఒక్కొక్కటీ ఊడదీసి జేబులో పెట్టుకునేవాడు. "నొప్పి పెడుతుంది కదన్నా, ఉంచుకోరాదూ" అంటే తల అడ్డంగా ఊపేవాడు.

"బంతికి తెలుస్తది తమ్మీ."

నాకంటే నాలుగేళ్లు పెద్ద. నన్ను తమ్మీ అనేవాడు. ఆటలో వల దగ్గరికి నడుస్తూ మెల్లగా అడిగేవాడు, "ఏడ గావాలె?" నేను చెప్పేవాణ్ని, కొంచెం ఎత్తుగా అనో, వల మీదికి అనో. చెప్పిన చోటుకి వచ్చేది బంతి. మెస్సులో పప్పు వడ్డించే వంతు వచ్చినప్పుడూ గరిటె పట్టుకుని అదే ప్రశ్న. "ఏడ గావాలె?" అన్నం మీద ఎక్కడ చూపిస్తే అక్కడ పోసేవాడు, ఒక్క చుక్క కంచం అంచున పడేది కాదు.

ఇంకో చిత్రం ఏమిటంటే, బంతి లేపాక అతను మళ్లీ దానివైపు చూసేవాడు కాదు. వెనక్కి తిరిగి తన చోటుకి నడుచుకుంటూ పోయేవాడు. నా షాట్ నేలకు తగిలిందా, వలలో పడిందా అన్నది చప్పుడును బట్టే తెలుసుకునేవాడు. నాకిది మింగుడు పడేది కాదు. అంత ఎగిరి, అంత కొడితే, లేపినవాడు కాస్త చూడొద్దూ? ఒకసారి అడిగేశాను.

"నేనెందుకు సూసుడు? నా చేతులకెల్లి పోయింది గదా. బంతి ఎట్లొచ్చినా ఫర్వాలే, ఎట్ల పోతదన్నదే మన పని" అన్నాడు.

మా మైదానం క్యాంపు వెనక గోడకీ బస్సులు ఆగే చోటుకీ మధ్య ఉన్న మట్టి జాగా. వల ఒక కొస కరెంటు స్తంభానికి, ఇంకో కొస నీళ్ల ట్యాంకర్ నిచ్చెనకి కట్టేవాళ్లం. ట్యాంకర్ డ్రైవర్ "యల్లా భాయ్, ఖలాస్" అని వచ్చాడంటే ఆట అయిపోయినట్టే. శుక్రవారం శుక్రవారం ఆడేవాళ్లం. మా ఆటకో పద్ధతి ఉంది. ఊళ్లో ఎలా ఆడామో అలాగే. ఎవరి జాగా వాళ్లదే, ఎవరూ తిరగరు. లిఫ్టర్ మొదటి నుంచి చివరి దాకా వల నడుమే ఉంటాడు. అసలు రూలు అది కాదు. సర్వీస్ మన చేతికొచ్చిన ప్రతిసారీ ఆరుగురూ ఒక్కో జాగా జరగాలి. ఆ తిరుగుడు మాకు అక్కర్లేదనుకున్నాం, అక్కడే నాకు దొంగదారి దొరికింది. అది తర్వాత చెబుతాను.

కెనడా సార్‌కి అతను కంటపడింది ఆటలో కాదు, పనిలో. సీఫ్‌లో మాకో కట్టడం నడుస్తోంది. పైఅంతస్తులో ఉన్నవాడు తీగ చుట్ట కావాలని కేకేశాడు. లిఫ్టరన్న కింద నుంచి చుట్ట పైకి విసిరాడు. విసిరి, అలవాటు ప్రకారం, చూడకుండా వెనక్కి తిరిగాడు. చుట్ట వెళ్లి పైవాడి చేతిలో పడింది. సైటులో సామాన్లు విసరడం తప్పు. అటుగా వస్తున్న కెనడా సార్ గట్టిగా అరిచాడు. అరిచినవాడు అరిచినట్టే ఆగిపోయి, పైవాడి వంకా కిందవాడి వంకా చూసి, నన్ను పిలిచాడు.

"ఇంకెప్పుడూ విసరొద్దని చెప్పు. ఇలా విసరడం ఎక్కడ నేర్చుకున్నాడో కూడా అడుగు" అన్నాడు ఇంగ్లీషులో.

అలా మొదలైంది. ఆయన ఊరి కుర్రాడొకడు ఫుట్‌బాల్ ఆడతాడట. మనం కాలితో తన్నేది కాదు, చేత్తో విసిరి పట్టుకుని పరిగెత్తే ఆట. అందులో బంతి ఎవరికి పోవాలో క్షణంలో చూసుకుని విసిరేవాణ్ని క్వార్టర్‌బ్యాక్ అంటారని ఆయన చెప్పాడు. నేను తెలుగులో చెప్పగానే లిఫ్టరన్న మొహం వెలిగిపోయింది.

"అంటే లిఫ్టరే గదా!"

ఆ కుర్రాడు కెనడాలో ఎదురులేని ఆటగాడు. ఇప్పుడు అమెరికా వెళ్లాడు. అక్కడా అదే ఆట, కొలతలు మాత్రం వేరు. కెనడాలో మైదానం వెడల్పు, జట్టుకి పన్నెండు మంది. అమెరికాలో మైదానం ఇరుకు, పదకొండు మంది. పైగా కుర్రాడు పొట్టి. ముందు నిలబడే భారీ మనుషుల తలల మీంచి అవతల ఏముందో కనపడదని అమెరికా వాళ్ల మాట. అక్కడ నెగ్గలేడని అందరూ తేల్చేశారట. "ఆడనివ్వకుండానే తేల్చేశారు" అన్నాడు కెనడా సార్, కొంచెం కోపంగానే.

లిఫ్టరన్న చేతిలో తీగ తిప్పుతూ అంతా విన్నాడు.

"ఒక ముచ్చటడుగు తమ్మీ. ముందుకు పోనీకి ఎన్ని తాపలు ఇస్తరు?"

అడిగాను. కెనడాలో మూడు ప్రయత్నాలు, అమెరికాలో నాలుగు.

"అయితే ఇంకేంది? మూడు తాపలల్ల ఎల్లదీసెటోనికి నాలుగిస్తే మేలే గదా. జాగ ఇరుకంటవా, చేతులైతే అవే గదా. నెగ్గుతడని చెప్పు."

చెప్పాను. కెనడా సార్ పగలబడి నవ్వాడు. మా దేశంలో టీవీల ముందు కూర్చుని వాదించుకునే పెద్దమనుషులెవరికీ ఈ మాట తట్టలేదన్నాడు. అప్పట్నుంచి సార్ సైటుకి వచ్చినప్పుడల్లా లిఫ్టరన్న మోచేత్తో నన్ను పొడిచేవాడు. "అడుగు తమ్మీ, ఆ పిలగాడు ఏమైండు?" ఒక జట్టు తీసుకుందట. ఆడించకుండా పక్కన కూర్చోబెట్టిందట. ఆ జట్టు పంపించేస్తే ఇంకోటి తీసుకుందట. "కూసుండబెట్టినా తీస్కున్నరు గదా, మంచిదే" అనేవాడు. నాకు విసుగు. కందకు లేని దురద కత్తిపీటకెందుకని ఎగతాళి చేసేవాణ్ని. నవ్వేవాడే తప్ప అడగడం మానలేదు.

ఒక శుక్రవారం కెనడా సార్ మా ఆటకి ఒక అతిథిని తీసుకొచ్చాడు. ముహర్రక్‌లో ఒక చిన్న క్లబ్బులో వాలీబాల్ కోచ్, బహ్రెయినీ. కుర్చీ వేస్తే కూర్చోలేదు, వల పక్కనే నిలబడి చూశాడు. ఆ రోజు నేను ఆడినట్టు జన్మలో ఆడలేదు. కొట్టిన ప్రతి షాటూ నేలను తాకింది. కొట్టి దిగిన ప్రతిసారీ ఆయన వంక చూశాను. ఆయన మాత్రం ఒక్కసారి కూడా నా వంక చూడలేదు. బంతి లిఫ్టరన్న చేతుల్లోకి వచ్చేటప్పుడు, వెళ్లేటప్పుడు, ఆ వేళ్లనే చూస్తూ ఉన్నాడు. ఆట అయ్యాక అతని చెయ్యి పట్టుకుని తిప్పి చూసి, హిందీలో ఏదో చెప్పి వెళ్లిపోయాడు.

సంగతి ఇదీ. క్లబ్బు హాలు చూసుకోవడానికి ఒక మనిషి కావాలి. ఏసీ హాలులో పని, సాయంత్రాలు జట్టుతో ఆట, బాగా ఆడితే మ్యాచుల్లో చోటు. కంపెనీ వదిలిపెడితే వీసా వాళ్లు మార్చుకుంటారు. మండుటెండలో చువ్వలు వంచే మనిషికి అది స్వర్గానికి పిలుపే. లిఫ్టరన్న ఎగిరి గంతేయలేదు. ఆ రోజు నాతో అన్నది ఒక్క మాటే.

"ఆడ తిరగాల్నంట తమ్మీ. ఆరు జాగలల్ల."

తర్వాత రెండు రోజులకి, డ్యూటీ నుంచి వచ్చి స్నానం చేసి బయటికి వస్తే గది ముందు నా చెప్పులు లేవు. నావే కాదు, పక్కవాడివి కూడా లేవు. వెతుక్కుంటూ వెనక్కి వెళ్లాను. మట్టి జాగాలో ఆరు చెప్పులు, మూడు ముందు, మూడు వెనక, కొలిచినట్టు పెట్టి ఉన్నాయి. వాటి మధ్య లిఫ్టరన్న ఒక్కడే తిరుగుతున్నాడు. ఒక చెప్పు దగ్గర నిలబడి లేని బంతిని సర్వీస్ చేస్తాడు, వల దగ్గరికి ఉరుకుతాడు, చేతులు పైకెత్తి లేని బంతిని లేపుతాడు, వెనక్కి పోతాడు, పక్క చెప్పుకి జరుగుతాడు. పెదాలు కదులుతున్నాయి, లెక్క పెట్టుకుంటున్నాడు.

నన్ను చూసి సిగ్గుపడ్డాడు.

"నీ చెప్పు రెండో జాగల ఉన్నది. జెర ఆగు తమ్మీ, ఈ సుట్టు అయిపోనీ."

వట్టికాళ్లతో వేడి మట్టి మీద నిలబడి చూశాను. ఒక్కసారి కూడా తప్పు జాగాకి పోలేదు. వెనక వరసలో ఉన్నా సరే, బంతి వల దగ్గరికి చేరే లోపు చేరుకుంటున్నాడు. అతనికి ఆ ఆట వచ్చేసింది. ఇది నా కళ్లతో చూశాను. ఈ మాట గుర్తుంచుకోమని అడుగుతున్నాను, ఎందుకంటే ఆ మర్నాడు నేను చేసింది తెలియక చేసింది కాదు.

మర్నాడు కెనడా సార్ తన క్యాబిన్‌లోకి పిలిచాడు. కోచ్‌కి అతని చేతులు నచ్చాయన్నాడు. ఇలాంటి చేతులు కావాలన్నాడట. ఒక్కటే అనుమానం, ఇన్నేళ్లు ఒకే చోట నిలబడి ఆడినవాడు అక్కడ తిరుగుతూ ఆడగలడా అని. "నాకా ఆట తెలియదు. నువ్వు అతనితో రోజూ ఆడతావు. ఆడగలడని నువ్వంటే ఇప్పుడే సంతకం పెడతాను" అన్నాడు. కంపెనీ నుంచి వదిలిపెట్టే కాగితం ఆయన ముందే ఉంది.

"ఆడలేడు సార్" అన్నాను. "అతనికి తెలిసింది ఒక్క జాగానే. అక్కడికి పంపితే నవ్వులపాలవుతాడు."

ఎందుకన్నాను? రెండు వారాల్లో క్యాంపుల మధ్య కప్పు పోటీ ఉంది. అతను పోతే నాకు బంతి లేపేవాడెవడు? అది ఒక కారణం. అసలు కారణం అది కూడా కాదు. ఆ కోచ్ నా వంక చూడలేదు. అంత ఎగిరినవాణ్ని నన్ను కాదని, పగిలిన వేళ్ల పొట్టిమనిషిని చూశాడు. కెనడా సార్ కాసేపు నా మొహం చూశాడు. నేను నమ్మకస్తుణ్నని ఆయన అభిప్రాయం. కాగితం సొరుగులో పెట్టేశాడు.

బయట లిఫ్టరన్న నిలబడి ఉన్నాడు. "సార్ ఏమన్నడు తమ్మీ?" అన్నాడు.

ఇక్కడ ఇంకో అబద్ధం. మొదటి దానికన్నా ఇదే నన్ను ఎక్కువ తింటుంది. "పొట్టిగా ఉన్నావట అన్నా. అక్కడ పొడుగువాళ్లు కావాలట" అన్నాను. తప్పు నాది, వేసింది సార్ నెత్తిన.

అతను కాసేపు తన చేతుల వంక చూసుకున్నాడు. "నిజమే గదా" అన్నాడు. తర్వాత, "కెనడా సార్ గూడ గట్లనే అన్నడా?" అని అడిగాడు. అవునన్నాను.

కప్పు మేమే గెలిచాం. ఆ రోజు అతను లేపినట్టు ఎప్పుడూ లేపలేదు. ఎంత చెడ్డగా వచ్చిన బంతయినా నా చేతికి అందే చోటుకే వచ్చింది. ఫొటోలో కప్పు పట్టుకుని నడుమ నిలబడ్డది నేను. అతను కొసన ఉన్నాడు, కెమెరా వంక కాక ఎటో చూస్తూ.

ఆ తర్వాత సార్ సైటుకి వస్తే అతను ఎదురుపడేవాడు కాదు. అయినా సార్ వెళ్లిపోయాక నా దగ్గరికి వచ్చి అడిగేవాడు. అదే ప్రశ్న, కానీ తోక మారింది.

"ఆ పిలగాడు ఏమైండు? ఇంక కూసుండే ఉన్నడా? ఆనిది నిజంగ నా అంత ఎత్తేనా?"

నీకంటే చాలా పొడుగు అన్నా, వాళ్లలో పొట్టి అంతే, అని చెప్పినా వినేవాడు కాదు. ఆ కుర్రాడు గెలిస్తే పొట్టివాడు పనికి రాడన్న మాట అబద్ధమవుతుంది. అతనికి కావలసింది అది. నేనన్న మాట తప్పని తేల్చడానికి ఎక్కడో మంచు దేశంలో పుట్టిన కుర్రాడు గెలవాలి. నేను నోరు తెరిస్తే సరిపోయేదానికి.

చువ్వల పనిలోనే మూడేళ్లు ఉన్నాడు. చివరి ఏడాది కుడిచేతి చూపుడువేలు రెండు చువ్వల మధ్య పడి నలిగింది. మానింది కానీ ఆ వేలు మళ్లీ పూర్తిగా వంగలేదు. శుక్రవారాలు ఆట మానేసి, తెల్లపొడితో గీతలు గీసి, పక్కన కూర్చునేవాడు. వేరేవాడు బంతి లేపితే నా షాట్లు వలలో పడేవి. ఆడలేక మద్దెల ఓడన్నట్టు నేను వల ఎత్తు మీద పడి ఏడ్చేవాణ్ని. ఇన్నాళ్లూ నేలను తాకినవి నిజానికి ఎవరి షాట్లో క్యాంపంతటికీ అప్పుడే తెలిసిపోయింది. ఆ హాలుకి పోయి ఉంటే ఆ వేలు ఉండేది. ఈ మాట ఎన్నిసార్లు అనుకున్నానో నాకే తెలుసు.

ఇంటికి వెళ్లే రోజు ముహర్రక్‌లో విమానాశ్రయం దాకా నేనే దింపాను. పెట్టె తోసుకుంటూ పోయినవాడు వెనక్కి వచ్చాడు. "ఆ పిలగాడు గెలిస్తే ఫోన్ చెయ్యి తమ్మీ. మర్సిపోకు."

ఇవాళ మధ్యాహ్నం ఆఫీసు నుంచి ముందే బయటపడి మహూజ్‌లోని గదికి వచ్చి ఫోన్ చేశాను.

"అన్నా, ఆ పిలగాడు ఆడిండు. గెలిచిండు."

"ఏ పిలగాడు? కెనడా పిలగాడా?" ఒక్క క్షణం ఆగి, పెద్దగా నవ్వాడు. "అరె! పొట్టోడు గెలిచిండా! నేనన్న గదా తమ్మీ, నాలుగు తాపలిస్తే మేలేనని! ఇంక ఆడిస్తరా ఆణ్ని?"

"ఏమో అన్నా. ఒక్క ఆటనే అయింది."

"ఒక్కటి సాలు. తేలింది గదా."

అంత సంతోషంగా ఉన్నాడు. అక్కడితో ఫోన్ పెట్టేయొచ్చు. ఇన్నేళ్లు అలాగే పెట్టేశాను.

"అన్నా, పొట్టిగున్నవని కెనడా సార్ అనలే" అన్నాను. "కోచ్ గూడ అనలే. నువ్వు ఆడ ఆడగలవా అని సార్ నన్నే అడిగిండు. ఆడలేడని నేనే చెప్పిన. నీ తిరుగుడు కండ్లార సూసి గూడ చెప్పిన. పొట్టి మాట నేన్ కల్పించిన."

తిట్టు కోసం ఎదురు చూశాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను.

"అంటే, సార్ నన్ను వద్దనలేదా?"

"అనలే అన్నా."

"ఆ కోచ్?"

"ఇసొంటి చేతులే కావాల్నన్నడంట."

"నా చేతులేనా?"

"నీవే అన్నా."

ఫోన్ చెవి నుంచి తీసినట్టున్నాడు, గొంతు దూరమైంది. "ఏమే, ఇగో ఇటు రా. నన్ను వద్దనలేదంట. కావాల్నన్నరంట!" మళ్లీ నాతో, "తమ్మీ, ఇంకోపాలి చెప్పు. ఆమెకిస్తున్న. కోచ్ ఏమన్నడో గదే ఆమెకు చెప్పు" అన్నాడు.

అతని భార్యతో నేనెప్పుడూ మాట్లాడలేదు. వదినా అని పిలిచి, కోచ్ అతని చెయ్యి పట్టుకుని తిప్పి చూసిందీ, ఇలాంటి చేతులు కావాలన్నదీ, సార్ సంతకానికి కాగితం సిద్ధం చేసిందీ, ఒక్కొక్కటీ చెప్పాను. ఆమె మధ్యలో అడ్డు రాకుండా అంతా విన్నది.

"మరెందుకు తీస్కపోలే?" అన్నది.

వెనక నుంచి అతని గొంతు వినపడుతోంది. "గదెందుకే ఇప్పుడు, చేతుల సంగతి విన్నవా?"

"నేనే వద్దన్న వదినా" అన్నాను.

ఆమె ఫోన్ పెట్టేయలేదు. నేనూ చెవికి ఆనించుకుని అలాగే నిలబడ్డాను.